సముద్రం వేసిన ఉప్పు

పొద్దున్నే పెనం మీద గుడ్డు కొట్టినప్పుడు, నీళ్ళలా జారిన సొన అంచుల నుంచి తెల్లగా గడ్డకడుతుంటే ఇప్పటికీ నాకు తెనాలిలో సుశీలమ్మగారి స్పిరిట్ దీపం వాసన తగులుతుంది. నేను రేపల్లెలో ఒక ఆసుపత్రిలో నర్సుని. ఇప్పుడు మూత్ర పరీక్షకు దీపాలు అక్కర్లేదు, చిన్న పట్టీ ముంచి రంగు చూసి చెప్పేస్తాం. ఆ దీపం వెలిగించిన పిల్లల డాక్టరు సుశీలమ్మగారు కిందటి వేసవిలో పోయారు. కబురు ఆలస్యంగా తెలిసింది. చివరిచూపు దక్కలేదన్న బాధ ఇంకా తగ్గలేదు.

మాది సూర్యలంక పక్కన చేపలు పట్టేవాళ్ళ పల్లె. ఆరేళ్ళప్పుడు నా మొహం ఉబ్బడం మొదలైతే మా నాయనమ్మ సంబరపడిపోయింది. పుల్లలా ఉండే పిల్ల ఒళ్ళు చేసిందని ఊరంతా చెప్పుకుని, ఆ సాయంత్రమే దిష్టి కూడా తీసింది. తల్లిలేని నన్ను పెంచింది తనే కాబట్టి ఆ సంబరాన్ని నేను తప్పుపట్టలేను. కానీ కళ్ళు తెరవలేనంతగా రెప్పలు వాచి, పాదం మీద నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయేసరికి, నాన్న నన్ను భుజాన వేసుకుని, నాయనమ్మని వెంటబెట్టుకుని బాపట్లలో తెనాలి రైలెక్కాడు.

సుశీలమ్మగారు నా మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి దీపం మీద పట్టారు. పైభాగం తెల్లగా విరిగింది.

“గుడ్డు సొనలా ఉందేంటండి?” అన్నాడు నాన్న బెదురుగా.

“అలాంటిదే నాయనా. ప్రోటీన్ అంటాం. రక్తంలో ఉండాల్సింది మూత్రంలో పోతోంది. మీ వల కన్ను సాగిపోతే చేప నిలుస్తుందా?”

“నిలవదండి.”

“మూత్రపిండాల సంగతీ అంతే. ప్రోటీన్ పోయేకొద్దీ రక్తంలో నీరు నిలవక ఒంట్లోకి దిగుతుంది. ఈ వాపు అదే. బలం కాదు.”

ఆ చివరి మాట అనేటప్పుడు ఆవిడ నాయనమ్మ వైపు చూడలేదు. మాత్రలు మధ్యలో మానొద్దన్నారు. మందు పట్టడానికి కొన్ని వారాలు పడుతుందని, ఈలోగా వాపు ముదిరితే ప్రాణం మీదకు వస్తుందని, అందుకని వాపుని పెంచే ఉప్పు వెయ్యొద్దని దాచకుండా చెప్పారు.

మళ్ళీ వెళ్ళేసరికి వాపు పెరిగింది. పొట్టలో నీరు చేరింది.

“గంగమ్మ తోడు డాక్టరమ్మా, చిటికెడు కూడా వెయ్యలేదు,” అని నాయనమ్మ ఏడ్చింది. అక్కడున్న నర్సు మూతి తిప్పింది. సుశీలమ్మగారు మాత్రం నమ్మారు. నమ్మారు కాబట్టే ఆ ఆదివారం బాపట్లలో రైలు దిగి, ఆటో మాట్లాడుకుని మా ఇంటికొచ్చారు.

నాయనమ్మ కంగారుగా కొంగుతో పీట తుడిచింది. డాక్టరుగారు కూర్చోకుండా తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళి, నాకోసం విడిగా వండిన కూర మూత తీసి, కొంచెం నాలిక మీద వేసుకున్నారు. ఎండు నెత్తళ్ళ కూర. మా పల్లెలో పెద్ద చేపల్ని ఉప్పు పట్టించి ఎండబెడతారు. వేలెడంత లేని నెత్తళ్ళని మాత్రం వలలోంచి తీసినవి తీసినట్టే ఇసుకలో ఆరబోస్తారు. వాటిని ఉప్పుచేపలని ఎవరూ అనరు. పాపం, పథ్యానికి మంచిదని నాయనమ్మ ఏరికోరి అవే వండింది.

“ఇందులో ఉప్పుంది మామ్మగారూ.”

నాయనమ్మ మొహం పాలిపోయింది. “అయితే పిల్లని నేనే చంపుకుంటున్నానా తల్లీ?”

“మీరు వెయ్యలేదు. సముద్రం వేసింది. ఎండకి నీళ్ళు పోయి ఉప్పు మిగిలింది. తప్పు నాది. ఉప్పు వెయ్యొద్దన్నాను గానీ, మీ ఇంట్లో ఏం వండుతారో అడగలేదు.”

నాయనమ్మ నా కంచం అవతలికి నెట్టేసింది. “నా చెయ్యి మంచిది కాదమ్మా. ఇక దీనికి నేనేదీ పెట్టను.”

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. వేరే ఎవరు పెట్టినా నేను తినేదాన్ని కాదు. సుశీలమ్మగారు కూర పక్కన పెట్టి, అన్నంలో పెరుగు వేసి, కంచం తెచ్చి నాయనమ్మ ఒళ్ళో పెట్టారు.

“కలపండి. నా మందు ఖాళీ కడుపున వెయ్యకూడదు. మీరు పెట్టకపోతే పిల్ల తినదు.”

నాయనమ్మ కలిపి నా నోట్లో పెట్టింది. ఆ చప్పిడి ముద్ద నేను మారుమాట లేకుండా మింగాను.

కొన్ని వారాలకి వాపు తీసింది. గాజు గొట్టంలో మూత్రం ఎంత కాచినా తేటగానే ఉంది. ఆ జబ్బు తర్వాత కూడా తిరగబెట్టింది, ప్రతిసారీ మందుకి లొంగింది, పెద్దయ్యాక వదిలిపోయింది.

రేపల్లెలో ఇప్పుడు వాచిన మొహాలతో పిల్లలు నా ముందుకు వస్తుంటారు. నాకు కోపం ఎక్కువ. “ఏం పెట్టి తెచ్చావే దీన్ని?” అన్న మాట నోటిదాకా వస్తుంది. మొన్న ఒక తల్లి, పాపకి పూటపూటా బిస్కెట్లు తినిపించానని, వాటిలోనూ ఉప్పుంటుందని తెలియదని చెప్పి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నావల్లేనా అక్కా?”

“కాదమ్మా. బిస్కెట్ల సంగతి మేమే చెప్పాల్సింది,” అన్నాను. “లే, చెయ్యి కడుక్కుని రా. పాపకి అన్నం నువ్వే పెట్టాలి.”