సెక్యూరిటీ ఫైలుకి వచ్చిన దరఖాస్తులు

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగం వచ్చిన గర్వం ఎంతుండేదంటే, రాయపూర్ మొత్తంలో కంప్యూటర్ తెలిసినవాళ్లలో నేనొకణ్ణని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి (మిగతావాళ్లెవరో నాకు తెలియదు). టాటీబంధ్ దగ్గర ఒక మేడమీద మా ఆఫీసు. వెబ్‌సైట్లు చేసేవాళ్లం. నా పైన ఉన్నావిడని అందరూ దీదీ అనేవారు. మాలాగే శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం కాబట్టి నన్ను మాత్రం తెలుగులో తిట్టేది.

దగ్గర్లోని తిల్దా ఊళ్లో బియ్యం మిల్లున్న ఒక సేఠ్, వేరేవాళ్లెవరో చేసిన తన పాత సైటు మాకు అప్పజెప్పాడు. ఆయన దగ్గర బియ్యం కొనే వ్యాపారులు అందులోనే బిల్లులు చూసుకునేవారు. దీదీ ముందుగా అందులో 'సెక్యూరిటీ' పేరుతో చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టమంది. సైటులో లోపం కనిపిస్తే ఎవరికి చెప్పాలో అందులో రాసుంటుంది. ఏ సైటులోనైనా అదే పేరుతో, అదే చోట ఉంటుంది కనుక వెతికేవాళ్లకి ఇట్టే దొరుకుతుంది. రంగుల్లేవు, బొమ్మల్లేవు, మా మెయిల్ అడ్రసుతో నాలుగు వరుసలు. నా స్థాయికి తగిన పనిలా అనిపించలేదు. సేఠ్ కూడా, "సెక్యూరిటీ ఎందుకు? గేటు దగ్గర గార్డులున్నారు కదా!" అని హిందీలో విసుక్కున్నాడు. చివరికి ఒప్పుకుని, పెట్టింది అందరికీ కనపడాల్సిందేనని పేజీ అడుగున 'సెక్యూరిటీ' అని లింకు వేయించాడు.

ఇక మెయిళ్లు మొదలయ్యాయి. ఒకాయన తన ఎత్తు, ఛాతీ కొలతలు రాశాడు. ఇంకొకాయన లాఠీ పట్టుకుని దిగిన ఫొటో పంపాడు. మరొకాయనకి నైట్ డ్యూటీ వద్దట. "ఇవన్నీ తీసి పారేద్దాం దీదీ" అన్నాను.

"ఏటి పారేసేది? సదవకుండా నీకెలా తెలుస్తాదిరా?" అని ఒక్కొక్కటీ చదివి, గార్డు ఉద్యోగాల్లేవని మర్యాదగా జవాబు రాసేది.

ఒక మధ్యాహ్నం అలాగే చదువుతూ సగంలో ఆగిపోయింది. ఎవరో వ్యాపారి కోడలు రాసింది. మామగారి బిల్లు చూస్తూ పైన వెబ్ అడ్రసులో చివరి అంకె మారిస్తే వేరేవాళ్ల బిల్లు, ఫోన్ నంబరుతో సహా కనిపించిందట. దీదీ వెంటనే బిల్లుల పేజీ మూయించి సేఠ్‌కి ఫోన్ చేసింది.

"ఎవరావిడ? పోలీసులకి చెప్పండి!" అని ఆయన కేకలు నాకూ వినిపించాయి.

"ఆవిడ మనకే చెప్పింది సేఠ్‌జీ. మీ పోటీవాళ్లకి చెప్పి ఉంటే?"

దాంతో సేఠ్ గొంతు తగ్గించి, "వాళ్లింటికి ఒక బస్తా సన్నబియ్యం పంపనా?" అని అడిగాడు.

సాయంత్రానికి సరిచేశాం. ఆ కోడలికి రాసిన జవాబు దీదీ కుర్చీ వెనక నిలబడి చదివాను: "తప్పు మాదే. మీరు చెప్పబట్టి తెలిసింది. థాంక్యూ బెహన్‌జీ." తప్పు నిజానికి ఆ పాత సైటు చేసినవాళ్లది. కానీ దీదీ ఆ నెపం వాళ్ల మీద వేయలేదు.

ఇప్పుడు నా కిందా నలుగురు పనిచేస్తున్నారు. మా పనిలో లోపముందని ఎవరైనా రాస్తే ముందు నాకు ఒళ్లు మండుతుంది. లేచి మంచినీళ్లు తాగి, కిటికీ దగ్గర కాసేపు నిలబడి, అప్పుడొచ్చి థాంక్యూ రాస్తాను. దీదీకి ఆ మంచినీళ్లు అవసరమయ్యేవి కావు.