ఏ రెప్పో రాయని ఆంజని

ఈ ఉదయం నా తెర మీదికి మళ్లీ అలాంటి రికార్డే వచ్చింది: కనురెప్ప మీద కురుపు, ఏ కన్నో తెలియదు. రోగాలకు కోడ్లు వేయడం నా ఉద్యోగం. 'తెలియదు' అన్న గడి నొక్కేవాళ్లంటే నాకు గౌరవం లేదు. మనిషికి కళ్లు రెండు, రెప్పలు నాలుగు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన వాటిని తెలియదనడానికి ప్రత్యేకమైన బద్ధకం కావాలి. ఆ బద్ధకాన్ని నేను దగ్గరగా చూసింది బెంగాల్‌లోని మా రైల్వే పేట ఖరిదాలో, పెదనాన్న వెళ్లే కళ్ల క్లినిక్కులో.

పెదనాన్న వర్క్‌షాపులో వేగన్లు బాగుచేసి రిటైరైన ఫిట్టరు. ఆయన ఎడమ పై రెప్పలో శనగగింజంత గడ్డ లేచింది. మా ఊళ్లో రెప్ప మీద ఏది లేచినా, బెంగాలీలతో పాటు మేమూ ఆంజని అనేస్తాం. ఇంట్లో అనుకోవడానికి ఆ మాట చాలు. కానీ వెంట్రుక మొదట్లో చీముపట్టి సలిపే కురుపు వేరు, రెప్పలోని నూనె గ్రంథి మూసుకుపోయి నొప్పి లేకుండా కూర్చునే గడ్డ వేరు, కోడ్లూ వేరు. క్లినిక్కు గుమస్తాకు ఒకటే కోడ్ వచ్చు. చెవి మీద పెన్ను, అపారమైన ఆత్మవిశ్వాసం. డాక్టరు చీటీలో 'ఎడమ పై రెప్ప, నొప్పి లేదు' అని ఉన్నా అది చదవడు. ఆంజనేనా బాబాయ్ అని అడిగి, ఔననగానే చీము కురుపు కోడ్ కొట్టి, కన్ను తెలియదని నొక్కుతాడు.

కాపడానికీ చుక్కలకీ గడ్డ అణిగినట్టే అణిగి మళ్లీ అక్కడే లేచేది. ఏడాదిలో మూడుసార్లు వెళ్లారు, ముగ్గురు డాక్టర్లు చూశారు. తెర మీద వాళ్లకు కనిపించింది వేర్వేరు మామూలు కురుపులు. మూడోసారి వెంట వెళ్లిన నేను ఆ తెర చూసి, పెద్దవయసులో ఒకేచోట తిరగబెట్టే గడ్డను ముక్క తీసి పరీక్షించాలని, ముందు ఏ కన్నో రాయమని గుమస్తాకు చెప్పాను.

"ఏ కన్నైతే ఏటి తమ్ముడూ, అన్నీ ఆంజనే. అందరికీ అయ్యే సుక్కలు," అన్నాడు గుమస్తా.

పెదనాన్న అతని వంక జాలిగా చూశారు. "సెక్రం వేడెక్కిందని రాసి ఊరుకుంటే మా ఫోర్‌మెన్ ఏటనేవోడు తెలుసా? ఏ బండిదిరా, ఏ సెక్రంరా అని కాయితం నా మొహాన కొట్టేవోడు. నువ్వు మా షాపులో ఒక్క పూట నిలవవు నాయనా."

ఆనాటి డాక్టరు మూడు చీటీలూ పక్కపక్కన పెట్టి చదివి, అదే వారం ముక్క తీయించారు. గ్రంథిలో క్యాన్సరు. సగం రెప్ప పోయింది, కన్ను దక్కింది. ఇప్పుడాయన ఆ కన్ను కొంచెం తెరుచుకునే నిద్రపోతారు, డ్యూటీలో ఉన్నానంటారు.

గుమస్తాను తిట్టడం సులువు. మొదటిసారి పెదనాన్న అద్దం ముందు నిలబడి ఇదేటిరా అని అడిగినప్పుడు, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా "ఆంజనేలే" అన్నది నేను.

తెర మీద ఆ జబ్బుకి మూడుసార్లూ మొదటి రోజే. రెప్పలో మాత్రం కాలం ఒక్క రోజు కూడా లెక్క తప్పలేదు.