రెండు భాగాల లెక్క

మా ఎకనామిక్స్ సారు పోయారని మొన్న సోమవారం జనగామ నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు భూపాలపల్లిలో నా క్లాసులో ఉన్నాను. ఆదాయ అసమానతల పాఠమే చెబుతున్నాను. ఫోన్ పెట్టేసి బోర్డు వైపు తిరిగితే, దాని మీద నేను రాసిన ప్రతి మాటా ఆయనదే అనిపించింది.

మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి జనగామ హాస్టల్‌కు వచ్చిన పిల్లను నేను. లెక్కలంటే వణుకు. సారు పాఠం అయ్యాక నన్ను లేపి, "ఇప్పుడు మీ ఇంటి భాషల చెప్పు బిడ్డా" అనేవారు. మా లంబాడీ భాష ఆయనకు రాదు. అయినా తల ఊపుతూ చివరిదాకా వినేవారు. ఎక్కడ తడబడ్డానో పట్టుకుని, మళ్లీ అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టేవారు.

అసమానతను కొలిచే సూత్రానికి కొన్ని గుణాలుండాలని చెప్పేవారు. అందరి ఆదాయమూ రెట్టింపైతే కొలత మారకూడదు. ఇద్దరు మనుషుల ఆదాయాలు తారుమారైనా మారకూడదు. "కొలతకు మనిషి పేరుతోని పని లేదు, కులంతోని పని లేదు" అనేవారు. ఆ మాట ఒక తండా పిల్లకు ఎంత ధైర్యమిచ్చిందో ఆయనకు తెలుసో లేదో.

రాష్ట్ర ఉద్యమం రోజుల్లో కాలేజీ మూతపడింది. చౌరస్తాలో టెంటు వేసి రిలే దీక్షలో కూర్చున్నాం. సారు రోజూ వచ్చి మాతో పాటు చాప మీద కూర్చునేవారు. ఒక మధ్యాహ్నం మైకు ఆయనకిచ్చాం. మొత్తం అసమానతను రెండు భాగాలుగా విడదీయగల కొలత ఒకటుందని మొదలుపెట్టారు. ఒకటి ప్రాంతాల మధ్య తేడా. రెండోది ఒక్కో ప్రాంతం లోపల మనిషికీ మనిషికీ ఉన్న తేడా. రెండూ కూడితేనే మొత్తం. మొదటి భాగం గురించి చెప్పినంతసేపూ చప్పట్లు కొట్టాం.

"రాష్ట్రం రావాలె. వస్తే మొదటిది తగ్గొచ్చు. రెండోది మన నడుమనే ఉంటది. దాన్ని గూడ ఇప్పటి నుంచే అడగాలె" అనేసరికి గొణుగుడు మొదలైంది. వెనక నుంచి ఎవరో దిగమన్నారు. ఆ రోజు శిబిరం బాధ్యత నాది. లేచి వెళ్లి ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను. నాకు లెక్క నేర్పిన మనిషి, మాట సగంలో ఆపేసి, నాకు దారిచ్చి పక్కకు జరిగారు.

మర్నాడు రారనుకున్నాను. వచ్చారు. నా పక్కనే కూర్చున్నారు. నేను తలెత్తలేదు. మెల్లగా అన్నారు: "నిన్న నువ్వు చేసింది తప్పని నేననను బిడ్డా. నీకు మొదటి భాగం ముందు గావాలె. రెండోది మరిచిపోతరని నా భయం. నీదీ నాదీ గలిస్తేనే లెక్క."

క్షమించమని రేపు అడుగుదామనుకున్నాను.

రాష్ట్రం వచ్చింది. ఆనాటి సంబురంలో ఆయన కోసం వెతికాను, కనపడలేదు. తర్వాత నాకు భూపాలపల్లిలో లెక్చరర్ ఉద్యోగం. ఏటా ఈ పాఠం వచ్చినప్పుడల్లా జనగామ వెళ్లాలనుకోవడం, పరీక్షలనో పిల్లలనో ఆగిపోవడం. పోయినేడు ఒక అమ్మాయి లేచింది. వాళ్ల నాయిన బొగ్గు బావిలో కాంట్రాక్టు కూలీ. "మేడం, ఆ రెండో భాగం ఎప్పుడు అడుగుతరు?" అంది. మా సారును అడిగి చెబుతానన్నాను. నిజంగానే అడగాలనుకున్నాను.

ఆయన్ను చివరిసారి చూసింది ఆ ఎండాకాలమే, హైదరాబాద్ పోయే బస్సులోంచి. జనగామలో రోడ్డు పక్కన ముంజలమ్మే అవ్వ దగ్గర గొంతుక్కూర్చుని ఏదో మాట్లాడుతున్నారు. చాలా చిక్కిపోయారు. కిటికీలోంచి "సార్" అని పిలిచాను. హారన్లలో కలిసిపోయింది. దిగుదామని లేచేలోపే బస్సు కదిలింది. చెయ్యి బయటపెట్టి ఊపాను. ఆయన లేచి నిలబడి, ఎండకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. నన్ను పోల్చుకోలేదు. అయినా రెండో చెయ్యి ఎత్తి, బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నారు.