చింతిస్తున్నాంగారు

మా పెదనాన్నకు ఒకే ఒక్క జబ్బు. లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదే అంటాడు.

ఎదుటివాడు వచ్చి ఆయన కాలు తొక్కితే, కాలు అక్కడ పెట్టినందుకు ఆయనే క్షమాపణ చెబుతాడు. పక్కింట్లో పాలు పొంగిపోతే గోడ ఇవతలి నుంచి "తప్పు నాదే, చింతిస్తున్నాం" అంటాడు. వాళ్ల పాలు పొంగడానికీ నీకూ ఏమిటి సంబంధమని అడిగితే, వాళ్లను మాటల్లో పెట్టింది తానేనంటాడు. నిజానికి మాటల్లో పెట్టింది ముందురోజు.

ఈ జబ్బు ఆయనకు ఉద్యోగంలో అంటుకుంది. పెదనాన్న రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని ప్రకటనలు చదివేవాడు. ఎవరో ఆలస్యం చేసిన రైలుకు తాను చింతించడమే ఆయన పని. ఇంజను మొరాయించినా, వంతెన మీదికి వరద వచ్చినా, డ్రైవరుకు కడుపునొప్పి వచ్చినా, ప్రయాణికుల చెవిన పడేది మాత్రం "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే పెదనాన్న గొంతే. కాబట్టి తిట్లు కూడా ఆ గొంతుకే. మిగతావాళ్లు ఆ మాటను మొక్కుబడిగా చదివేసి టీ తాగడానికి వెళ్లేవాళ్లు. పెదనాన్న నిజంగానే చింతించేవాడు. రైలు మరీ ఆలస్యమైన రోజున ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదట. రిటైరయ్యాక మైకు స్టేషన్లోనే ఉండిపోయింది, చింత ఆయన వెంట ఇంటికొచ్చింది. వీధిలో అందరూ ఆయన్ని చింతిస్తున్నాంగారు అంటారు. గొంతు కూడా ఏమీ తగ్గలేదు. ఆయన చెవిలో చెప్పిన రహస్యం ఆరో నంబరు ప్లాట్‌ఫారం దాకా వినిపిస్తుంది.

ఆయన్ని వెంటబెట్టుకుని బయటికెళ్లడమంటే నాకు తల కొట్టేసినట్టుండేది. నేను చెప్పుల షాపులో మేనేజర్ని. ఒకసారి పెదనాన్న షాపులో కూర్చుని ఉండగా ఒకావిడ కరిచే బూట్లు పట్టుకొచ్చి నా మీద విరుచుకుపడింది. నేను నోరు తెరిచేలోపు పెదనాన్న లేచి నిలబడి, తప్పు తనదేనన్నాడు. ఆవిడ ఆయన్నే యజమాని అనుకుంది. అసలు యజమాని పక్కనే నోరెళ్లబెట్టి చూస్తున్నాడు. పెదనాన్న ఆవిడ మడమ మీద బొబ్బను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసి, కొత్త జత ఇప్పించేదాకా ఊరుకోలేదు. నేను సిగ్గుతో గోడౌన్లోకి వెళ్లి ఖాళీ పెట్టెలు సర్దాను. సర్దిన పెట్టెల్నే మళ్లీ సర్దాను.

పెద్దమ్మ ఇందుకు పూర్తిగా భిన్నం. ఆడపిల్లల హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. తప్పులు పట్టుకోవడం ఆవిడ పని, ఒప్పుకోవడం ఈయన పని, అందుకే కాపురం నిక్షేపంగా సాగుతోందని మా నాన్న అనేవాడు. ఆవిడ అటుగా వస్తుంటే మా వీధి కుర్రాళ్లు ఇప్పటికీ సిగరెట్లు చెప్పుల కింద నలిపేసి, చేతులు కట్టుకుని నిలబడతారు. పెదనాన్న ఆవిణ్ణి ఇంట్లో కూడా "టీచరుగారూ" అనే పిలుస్తాడు.

అలాంటి పెద్దమ్మకు దగ్గు పట్టుకుంది. దుమ్మువల్ల అంది. చల్లగాలివల్ల అంది. సుద్దముక్కల పొడి అని కూడా అంది, ఆవిడ సుద్దముక్క ముట్టుకుని ఏళ్లవుతున్నా. డాక్టరు పేరెత్తితే చాలు, కళ్లజోడు మీంచి ఒక చూపు చూసేది. ఆ చూపుకు మేమంతా క్లాసులోంచి బయటికి పంపిన పిల్లల్లా వరండాలోకి వచ్చేసేవాళ్లం.

ఆ రోజుల్లోనే పెన్షనర్ల సంఘం ఆవరణలోకి ఆసుపత్రివాళ్ల స్కానింగు బస్సు వచ్చింది. ఏళ్ల తరబడి పొగ తాగిన పెద్దవాళ్లకు, ఇంకా ఏ బాధా కనిపించకముందే ఊపిరితిత్తులు పరీక్ష చేస్తారట. మచ్చ చిన్నగా ఉండగానే దొరికితే బతికి బయటపడవచ్చట. పెదనాన్న పెద్దమ్మను ఏదో మాయమాట చెప్పి బయల్దేరదీసి, నన్ను కారు తీయమన్నాడు.

బల్ల దగ్గర కూర్చున్న నర్సు పొగ తాగుతారా అని అడిగింది. అడిగింది పెద్దమ్మని. పెద్దమ్మ ముఖం పాలిపోయింది. జవాబు మాత్రం పెదనాన్న దగ్గర్నుంచి వచ్చింది.

"తాగుతానమ్మా. పెళ్లయిన దగ్గర్నుంచీ తాగుతూనే ఉన్నాను. తప్పు నాదే."

ఆవరణలో ఉన్న పెన్షనర్లంతా ఒక్కసారి తలలు తిప్పారు. ఊళ్లో తప్పులన్నీ నావేననే మనిషి ఇదీ నాదే అంటే అనుమానం రావాలి. ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు. మగవాడు సిగరెట్టు తాగానంటే ఎవరూ సాక్ష్యం అడగరు. నేల చీలితే అందులో దూరిపోదామనిపించింది కానీ, ఆయన మాట అబద్ధమేమో అనిపించలేదు.

తన పొగంతా పీల్చింది ఆవిడేననీ, దగ్గుతోందనీ, ముందు ఆవిణ్ణి చూడమనీ పెదనాన్న పట్టుబట్టాడు. దగ్గు ఇన్నాళ్లుగా ఉంటే ఈ బస్సు కాదు, తిన్నగా ఆసుపత్రికి వెళ్లి ఛాతీ డాక్టరుకు చూపించాలంది నర్సు. మర్నాటికి చీటీ కూడా రాసిచ్చింది. ఆ తర్వాత పెదనాన్న చెయ్యి పట్టుకుని, ఇన్నేళ్లు తాగారు కదా, మీరు పదండి అని ఆయన్ని బస్సెక్కించింది. కాదనడానికి దారి లేదు. ఆయన ఊపిరితిత్తులు కడిగిన పలకలా ఉన్నాయని, ఇంత తాగినవాళ్లలో ఇలాంటివి తానెక్కడా చూడలేదని లోపలి డాక్టరు ఆశ్చర్యపోయాడట. పెదనాన్న దానికి కూడా చింతించి బస్సు దిగాడు.

పెద్దమ్మకు ఎక్స్‌రే తీశారు, స్కాన్ తీశారు, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఉన్న మచ్చ క్యాన్సరేనని తేలింది. ఇంకెక్కడికీ పాకలేదు కాబట్టి ఆపరేషన్ చేసి తీసేయవచ్చన్నాడు డాక్టరు.

"ఆలస్యమైందా డాక్టరుగారూ?" అన్నాడు పెదనాన్న. ఆ మాటకు పక్క గదుల్లోవాళ్లు కూడా ఆగి విన్నారు.

"లేదండీ. సమయానికే వచ్చారు."

జన్మలో మొదటిసారి పెదనాన్నకు చింతించడానికి ఏమీ దొరకలేదు. అయితే డాక్టరు ఒక షరతు పెట్టాడు. ఆపరేషన్ నాటికి ఇంట్లో పొగన్నది ఉండకూడదు, లేకపోతే మత్తు దగ్గర్నుంచి గాయం మానడం దాకా అన్నీ కష్టమవుతాయి. అలా పెదనాన్నను పొగ మాన్పించే క్లాసులో చేర్పించారు.

సంగతి తెలిసి చూడటానికి వచ్చినవాళ్లంతా మంచం దగ్గర కూర్చుని, గొంతు తగ్గించి, "ఆవిడేమైనా..." అని మొదలుపెట్టేవాళ్లు. ఆ మాట పూర్తయ్యేలోపు పెదనాన్న నేనేనంటూ లేచి నిలబడేవాడు. వెంటనే జాలంతా ఆవిడకూ, తిట్లన్నీ ఆయనకూ దక్కేవి. పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. అందరికంటే ఎక్కువ అన్నది మా నాన్న. "నీ సరదాకి వదిన్ని బలిపెట్టావు అన్నయ్యా" అని ఆ గుమ్మం తొక్కడం మానేశాడు. నేను మానడానికి లేదు, కారు నాది. హంతకుణ్ణి కోర్టుకు తీసుకెళ్తున్నట్టు ప్రతి వారం ఆయన్ని క్లాసుకు తీసుకెళ్లేదాన్ని.

ఆ క్లాసులో ముందుగా ఒక చిన్న యంత్రంలోకి ఊదాలి. నిన్న సిగరెట్టు తాగినా అది ఇవాళ చెప్పేస్తుంది. మిగతావాళ్లు ఊదితే అంకెలు పైకెక్కాయి. పెదనాన్న ఊదితే సున్నా దగ్గర్నుంచి కదల్లేదు. కౌన్సెలింగు చేసే అమ్మాయి యంత్రాన్ని తట్టి మళ్లీ ఊదించింది. మళ్లీ అంతే. పెదనాన్న యంత్రానికి క్షమాపణ చెప్పాడు. తర్వాత పొగ మీద యావ తగ్గించే నికోటిన్ గమ్ ఇచ్చి, తన ఎదుటే నమలమంది. పుట్టి బుద్ధెరిగాక పొగ ఎరగని మనిషి ఆ గమ్ నమిలేసరికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. క్లాసయ్యేదాకా ఎక్కిళ్లే. ఒక్కో ఎక్కిలికీ ఒక్కో చింతిస్తున్నాం. మిగతా గమ్ భద్రంగా జేబులో పెట్టుకుని, ఆ అమ్మాయి చెప్పిన ప్రతి ముక్కా బుద్ధిగా విన్నాడు. తాగాలనిపిస్తే ఏం చెయ్యాలి, చేతులకు ఏం పని చెప్పాలి, చిరాకొస్తే ఎవరి మీద చూపించాలి అని ఎవరూ అడగని ప్రశ్నలన్నీ అడిగాడు. ఇంతలోనే ఇంతగా మానేసిన మనిషి ఇంకొకరు లేరని పైవారం ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి అనుభవం చెప్పమన్నారు. పెదనాన్న చెప్పాడు కూడా. పొగ మాననివాళ్లందరి తరఫునా తానే చింతించాడు. నేను కారు తుడవాలన్న వంకతో బయటికి వచ్చేశాను.

ఆపరేషన్ ముందు చివరిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ కౌన్సెలింగు అమ్మాయి యంత్రం పట్టుకుని మా గదిలోకి వచ్చింది. ఈసారి దాన్ని పెద్దమ్మ ముందు పెట్టింది. ఆపరేషన్ చేయించుకునేవాళ్లందరూ ఊదాల్సిందేనంది.

పెదనాన్న గబుక్కున మధ్యలోకి వచ్చి, ఆ యంత్రం చెడిపోయిందనీ, పోయిన వారం తాను గట్టిగా ఊది పాడుచేశాననీ అన్నాడు. బాగానే ఉందందా అమ్మాయి. అయితే బ్యాటరీ అయిపోయి ఉంటుందన్నాడు. అదీ బాగానే ఉందంది. పెదనాన్న యంత్రం లాక్కుని తానే ఊదడం మొదలుపెట్టాడు. వచ్చిపోయేవాళ్లు తలుపు దగ్గర ఆగి చూస్తున్నారు. నేను సిగ్గుతో ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతున్నాను.

"కూర్చోండి" అంది పెద్దమ్మ.

అది హెడ్మిస్ట్రెస్ గొంతు. పెదనాన్న కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. పాపం, కౌన్సెలింగు అమ్మాయి కూడా కూర్చుంది.

"ఆ పొగ నాది. ఈయన జన్మలో సిగరెట్టు ముట్టలేదు. బడి నుంచి వచ్చాక మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక తాగేదాన్ని. పొద్దున పిల్లల్ని దండించిన నోటితోనే సాయంత్రం తాగాను. ఆ రోజు నర్సు అడిగినప్పుడు నిజం చెప్పడం కంటే చచ్చిపోవడం నయమనిపించింది. అందరూ ఈయన్ని అంటుంటే విన్నాను, అయినా చెప్పలేకపోయాను." కౌన్సెలింగు అమ్మాయివైపు తిరిగింది. "మీ గమ్ నమిలింది నేను. మీ పాఠాలు ఈయన ఇంటికొచ్చి చెబితే విన్నది నేను. మానేశాను. ఇలా ఇవ్వండి, ఊదుతాను."

ఊదింది. ఆ అమ్మాయి అంకె చూసి, యంత్రాన్ని పెద్దమ్మవైపు తిప్పింది. ఆపరేషన్‌కు ఏ అడ్డూ లేదు.

"ఈయన మొదటిరోజు ఊదినప్పుడే అనుకున్నానండీ" అందా అమ్మాయి. "గమ్ ఎవరికి తీసుకెళ్తున్నారో తెలియదు. అందుకే ఎలా నమలాలో ఈయనకి పదేపదే చెప్పాను."

పెదనాన్నకు ఇవేమీ పట్టలేదు. ఆయన తప్పు ఆయన చేతిలోంచి జారిపోతోంది.

"ఆవిడ మాట నమ్మకమ్మా. అగ్గిపెట్టెలు కొనిచ్చింది నేను."

"అగ్గిపెట్టెలూ నేనే కొనుక్కున్నాను."

"వాసన వచ్చినా అడగలేదు. అది నా తప్పే కదా."

"అడిగితే మాత్రం చెప్పేదాన్నా?"

పెదనాన్న దిక్కులు చూశాడు. తర్వాత, ఆయన జీవితంలో మొదటిసారి, నిజంగా చిన్న గొంతుతో అన్నాడు. "ట్యాంకు వెనక కుర్చీ వేసింది మాత్రం నేనే."

పెద్దమ్మ కళ్లజోడు తీసేసింది. ఆ కుర్చీ ఎవరో పారేసిందనుకుని ఇన్నేళ్లూ అందులో కూర్చుందట. "మీకు తెలుసా?" అంది.

"నిలబడితే మీకు కాళ్లు నొప్పులు కదా టీచరుగారూ. చింతిస్తున్నాం."

"ఇది మాత్రం మీ తప్పే" అని పెద్దమ్మ నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక మళ్లీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా చెయ్యి ఇంకా పెదనాన్న చొక్కా పట్టుకునే ఉంది. ఇన్నాళ్లూ ఆ చొక్కా పక్కన నడవడానికి సిగ్గుపడినందుకు సిగ్గేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. పెద్దమ్మకు మూడు బంతుల డబ్బా ఒకటిచ్చి, గొట్టంలోంచి ఊపిరి లోపలికి లాగి బంతులు పైకి లేపమన్నారు. పెదనాన్న తానూ ఒకటి అడిగి తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. ఆవిడ బంతి లేవకపోతే తన బంతి ముందు లేచినందుకు చింతించేవాడు.

రెండో బంతి లేచిన రోజున మా నాన్న యాపిల్ పండ్ల సంచి పట్టుకుని వచ్చాడు. పెదనాన్నవైపు చూడకుండా మంచం దగ్గర నిలబడ్డాడు. "మరిదిగారూ, సిగరెట్టు తాగింది నేను" అంది పెద్దమ్మ. "మీ అన్నయ్యను అన్నవన్నీ నాకు చెందుతాయి. మళ్లీ అనండి, వింటాను."

నాన్న చేతిలోంచి సంచి జారింది. యాపిల్స్ వార్డంతా దొర్లాయి. పెదనాన్న అప్పటికే మంచం కిందికి దూరి, తప్పు తనదేననీ, అంత నమ్మకంగా చెబితే తమ్ముడు నమ్మక ఏం చేస్తాడనీ అంటూ పండ్లు ఏరుతున్నాడు. నాన్న కూడా మంచం కిందికి దూరాడు. బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. అక్కడ అన్ని పండ్లు లేవు.

ఒక యాపిల్ దొర్లుతూ వెళ్లి సిస్టర్ కాలికి తగిలింది. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, ఎవరి పని ఇది అని గద్దించింది. వార్డంతా మావైపే చూసింది.

"తప్పు నాదే సిస్టర్" అన్నాను. "చింతిస్తున్నాం."

మంచం కింద నుంచి పెదనాన్న తల బయటికి వచ్చింది. ఆయన ముఖంలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మలూ, అది నాది" అన్నాడు.