కాగితం మీది మగాడు స్మరాగ్దత్త

స్మరాగ్దత్తకు ఒకటే జబ్బు. తాను మగాణ్ణంటుంది.

వేషం మార్చిందనుకునేరు! ఎప్పుడూ నల్ల గౌనే, తలకు రుమాలే. పెదవి మీద సన్నగా మీసం ఉండేదంటే, అది మా దీవిలో ఆడవాళ్ళందరికీ ఉన్నదే. మా అమ్మదైతే ఇంకా ఒత్తు. అయినా ఎవరైనా "అమ్మా" అని పిలిచారో, చచ్చారే.

"ఎవర్రా అమ్మ? మున్సిపాలిటీకి పోయి చూసుకో. ప్రభుత్వమే మగాడని రాసుకుంది. కాదనడానికి నువ్వెవడివి?"

రాసుకున్న మాట నిజమే. ఆ ఘనత వాళ్ళ నాన్నది. సముద్రం అడుగు నుంచి స్పాంజీలు తెచ్చే ఈతగాడు యాకూమిస్. నీళ్ళలో ఎంతసేపైనా ఊపిరి బిగబట్టేవాడు గానీ, ఊజో సారా గ్లాసు ముందు క్షణం ఆగలేడు. కవలలు పుట్టారని రాయించడానికి బయల్దేరి, దారిలో ఉన్న ప్రతి కాఫీ కొట్టులోనూ అభినందనలు పుచ్చుకున్నాడు. మాలో బాప్తిస్మం దాకా బిడ్డకు పేరుండదు. అందుకని గుమాస్తా, "మొదటిది ఆడా, మగా?" అన్నాడు.

యాకూమిస్ బుర్ర గోక్కున్నాడు. "దాని ఏడుపుకు కొండ మీది మేకలు చెదిరిపోయాయి. మగాడే అయ్యుంటాడు."

"రెండోది?"

"కిక్కురుమనలేదు."

"అయితే ఆడపిల్ల," అని గుమాస్తా ముద్ర గుద్దేశాడు.

పేర్లు తరవాత చేరాయి. మొదటి బిడ్డ, స్మరాగ్ద, మగ. రెండో బిడ్డ, త్రిఫోన్, ఆడ. ముద్ర పడ్డాక దిద్దాలంటే కోర్టుకెక్కాలి. కోర్టుకు పోవాలంటే పక్క దీవికి పోవాలి. పక్క దీవివాళ్ళ మొహం మేం చూడం. అలా ఉండిపోయింది.

మా దేశంలో మగపిల్లలకు వేరే పేర్ల పట్టీ ఉంటుంది. ఓటుకూ అదే, సైన్యానికీ అదే. ఆడవాళ్ళకింకా ఓటు రాని రోజుల్లో స్మరాగ్దత్త బుట్టలో కోడితో సహా వెళ్ళి వరసలో నిలబడింది.

"మీ ఆయన్ని పంపమ్మా," అన్నాడు ఎన్నికల అధికారి.

"నాకు ఆయనెక్కడ? నేను మగాణ్ణయితేనూ?"

అధికారి పట్టీ చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ పట్టీ చూశాడు. పట్టీయే గెలిచింది. ఆ రోజు కోడి కూడా ఓటేసిందని నేనంటాను. ఊళ్ళో నమ్మరు.

ఓటు తెచ్చిన పట్టీయే సైన్యం పిలుపునూ తెచ్చింది. అప్పుడు ఉత్తరాది కొండల్లో మనవాళ్ళూ మనవాళ్ళూ కాల్చుకు చస్తున్నారు. పోయిన పిల్లలు శవాలై తిరిగొస్తున్నారు. ఈవిడ మాత్రం అల్లిక సూదులు పట్టుకుని శిబిరానికెళ్ళింది. నా పడవలోనే.

"ఏడమ్మా మీవాడు?" అన్నాడు కెప్టెన్.

"నేనే మావాణ్ణి. తుపాకీ ఏదీ?"

"తల్లీ, పోయి రికార్డు దిద్దించుకో. దిద్దితే గానీ నీ బదులు ఎవడు రావాలో మాకు తెలీదు."

"నన్నే తీసుకోరాదూ? పక్కింటి గాడిదను భుజాన మోశాను."

ఇంటికి తరిమేశారు. మళ్ళీ పిలుపొచ్చింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తరిమారు. చివరికి కెప్టెన్ ఆమె అల్లిన మేజోళ్ళు మాత్రం ఉంచుకున్నాడు.

అక్కణ్ణించి మా కొత్త గుమాస్తా కోస్మాస్ ఆమె వెంటపడ్డాడు. తప్పంటే పడని మనిషి. రికార్డు దిద్దే అర్జీ చేత్తో పట్టుకుని చర్చికొచ్చాడు, ఆలివ్ తోటకొచ్చాడు, ఆమె సున్నం వేస్తుంటే నిచ్చెనెక్కి మిద్దె మీదికీ వచ్చాడు.

"అత్తా, ఒక్క సంతకం! నీ సంతకం లేందే కోర్టు కదలదు."

"పెట్టను."

"నువ్వు ఆడదానివత్తా!"

"ఆ మాట అనడానికి ఎక్కి వచ్చావా?" అని నిచ్చెన లాగేసింది. పాపం, సాయంత్రం దాకా మిద్దె మీదే ఉన్నాడు. ఓటు మీద మోజని కొందరూ, పొగరని కొందరూ అన్నారు. నేను రెండూ అన్నాను.

తమ్ముడు త్రిఫోన్ మాత్రం తల వంచుకుని తన పని చూసుకునేవాడు. అతను రొట్టెలు చేసేవాడు. ఇంట్లో కోడిని కోస్తుంటే వీధి చివర మూర్ఛపోయేవాడు. కాలియోపి అనే పిల్లను ప్రేమించాడు గానీ, ఎలా చేసుకుంటాడు? కాగితం ప్రకారం ఇద్దరూ పెళ్ళికూతుళ్ళే.

యుద్ధం ముగిసింది. ఈ కవలలు పుట్టిన ఏటివాళ్ళను ఇంక పిలవబోమని సైన్యం చాటించింది. మర్నాడు పొద్దున్నే స్మరాగ్దత్త మున్సిపాలిటీ గుమ్మంలో ఉంది.

"ఏదిరా నీ అర్జీ?"

కోస్మాస్ కలం కిందపడేశాడు. "సంతకం పెడితే ఓటు పోతుందత్తా."

"పోతే పోనీ. నేనేసినవాళ్ళెవరూ ఎలాగూ గెలవలేదు."

పక్క దీవి కోర్టుకు నేనే తీసుకెళ్ళాను. త్రిఫోన్ పడవ అంచు పట్టుకుని కూర్చున్నాడు. జడ్జి రెండు పుట్టుక పత్రాలూ చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"నువ్వు ఆడదానివని నీకు తెలుసా?"

"ఊహ తెలిసినప్పణ్ణించీ తెలుసయ్యా."

"మరి ఇన్నాళ్ళూ మగాణ్ణని ఎందుకు వాదించావు?"

ఆమె తమ్ముడి వంక చూడలేదు. జడ్జి చూశాడు. అన్నీ తెలుసని ఊళ్ళో గొప్పలు చెప్పుకునే నాకు కూడా అప్పుడే తట్టింది.

"ప్రభుత్వం మా ఇంటి నుంచి ఒక మగాణ్ణి అడిగిందయ్యా," అంది స్మరాగ్దత్త. "ఉన్న ఇద్దరిలో పనికొచ్చేదాన్ని నేనే. వెళ్ళాను. వాళ్ళకే నచ్చలేదు."

జడ్జి రెండు గడులూ దిద్ది సంతకం చేశాడు. త్రిఫోన్ మూర్ఛపోయాడు.

తిరుగు ప్రయాణంలో గాలి ఎదురు తిరిగింది. ఇప్పుడు చట్టప్రకారం ఆడది కదా అని, నేను మర్యాదగా నా కోటు పరిచి, "కూర్చోండమ్మా" అన్నాను.

స్మరాగ్దత్త కోటును తమ్ముడికి కప్పింది. నన్ను పక్కకు నెట్టి తెడ్లు అందుకుంది.

"కూర్చోరా నువ్వే. నీ చేతుల్లో పడితే వీడి పెళ్ళి ముహూర్తం దాటిపోతుంది."