సాంచలు ఆగిన పొద్దున

నా చిన్నప్పుడు, ఒక దసరా పొద్దున, సిరిసిల్లలోని మా ఇంటి ముందు గదిలో ఉన్నవాళ్లు నలుగురు: మా నాయనమ్మ, మా చిన్నత్త, జగిత్యాల నుంచి మొదటి బస్సుకు వచ్చిన మా కాక, నేను. కాక అంటే మా నాన్న తమ్ముడు. ఉన్న వస్తువులు: అత్త కంప్యూటర్, దాని కింద యూపీఎస్, ఇత్తడి పళ్లెంలో పసుపు, కుంకుమ, బంతిపూలు, ఒక కొబ్బరికాయ, కాక సంచిలో రెండు హార్డ్ డిస్కులు. వాటిలో ఒకటి కంప్యూటర్ డబ్బా లోపల బిగించేది, రెండోది బయటి నుంచి వైరుతో తగిలించుకునేది.

అత్త చీరల అంచులకు డిజైన్లు గీసేది. ఆమె తెర మీద గీసిన నెమళ్లు, మామిడిపిందెలు అట్టల మీద రంధ్రాలుగా మారి, సాంచల మీదికెక్కి చీరలయ్యేవి. మరమగ్గాలను మా దగ్గర సాంచలంటారు. గీసినవన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండేవి. ఆమె సంపాదనంతా వాటి మీదే.

పాత డిస్కు నిండిపోయింది. కొత్తది ఏది కొనాలన్న దాని మీద అన్నాచెల్లెళ్ల మధ్య కొన్నాళ్లుగా ఫోన్‌లో వాదన నడిచింది. కాక కంప్యూటర్ దుకాణంలో పనిచేసేవాడు. లోపలిదే కొనమన్నాడు. వేగం ఎక్కువ, అదే ధరకు ఎక్కువ చోటు వస్తుంది, వైరు ఊడదు, చేతిలోంచి జారదు. అత్తకు బయటిదే కావాలి, అట్టలు కొట్టే చోటికి సంచిలో వేసుకుని పోవచ్చని. చివరికి కాక రెండూ తెచ్చాడు.

"ఏది నచ్చితే అది ఉంచుకో చెల్లె, ఇంకోటి వాపస్ ఇస్త. కానీ బయటిదాన్ని నువ్వు నెల తిరగకముందే కింద పడేస్తవు, రాసిస్త," అన్నాడు.

"నువ్వు బండి ఎన్నిసార్లు పడేసినవో అమ్మకు చెప్పాల్నా అన్నా?" అంది అత్త.

దసరా పూజ అయ్యేదాకా మా ఇంట్లో ఏ యంత్రమూ నడవకూడదు. తుడిచి, బొట్టు పెట్టి మొక్కాలి. అప్పటిదాకా నాయనమ్మ మంచినీళ్లు కూడా ముట్టదు. తాతయ్య పోయాక ఆ నియమం ఇంకా గట్టిపడింది.

అత్త కంప్యూటర్ ఇంకా నడుస్తూనే ఉంది. "ఇగ దాన్ని బంద్ చెయ్యుండ్రి. పూజకు యాళ్లయితంది," అంది నాయనమ్మ.

ఎలాగూ ఆపుతున్నాం కదా, పూజకు ముందే లోపలిది బిగించి చూపిస్తానని కాక స్క్రూడ్రైవర్ పట్టుకుని స్విచ్ వైపు వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. ఆ రోజు వీధిలో సాంచలన్నీ ఆగి ఉన్నాయి. ఏడాది పొడవునా గోడలు అదిరే వీధిలో, ఆ నిశ్శబ్దంలో, డబ్బా లోపలి నుంచి చిన్న చప్పుడు వినిపించింది. టిక్. కొంచెం ఆగి మళ్లీ టిక్.

"ఎన్నొద్దుల సంది చేస్తంది గిట్ల?"

"ఏమో. నేనెన్నడు ఇనలే," అంది అత్త. ఆ వీధిలో మిగతా రోజుల్లో అది ఎవరికీ వినిపించే చప్పుడు కాదు.

కాక స్విచ్ మీది నుంచి చెయ్యి తీశాడు. "డిస్కు పోయేటట్టున్నది. లోపలిది పెట్టాలంటే ఆపాలె. ఆపితే మళ్ల లేస్తదని నాకు నమ్మకం లేదు. బయటిదయితే నడుస్తుండంగనే పెట్టొచ్చు."

వాదన అక్కడితో ముగిసింది. గెలిచిన అత్త ముఖంలో రక్తం లేదు. ఆమె నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ పళ్లెం కింద పెట్టి కుర్చీ లాక్కుంది.

"మీ నాయిన చీర కొంగు దిగకముందు సాంచ ఆపకపోతుండె, దసరా అయినా సరే. కానియ్యుండ్రి. నేను కూసుంట."

కాక తువ్వాలు మడిచి నేల మీద వేసి, దాని మీద బయటి డిస్కు పెట్టి, వైరు తగిలించాడు. "అన్నీ ఒక్కసారి అడిగితే ఇది తట్టుకోదు. ఏది ముందు కావాల్నో చెప్పు చెల్లె."

అత్త చెప్పసాగింది. ముందు ఇప్పుడు సాంచల మీద ఉన్నవి, తర్వాత సేట్లకు మాటిచ్చినవి, తర్వాత మళ్లీ అడిగే అవకాశం ఉన్నవి.

"మీ నాయిన చెప్పి గీపిచ్చినయి?" అంది నాయనమ్మ. అత్త పని నేర్చుకునేటప్పుడు తాతయ్య పక్కన కూర్చుని, పోగు ఎక్కడ తిరగాలో వేలితో చూపిస్తూ గీయించిన మొదటి డిజైన్లు అవి.

అత్త తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "అవి ఆఖరుకమ్మా."

"సరే బిడ్డా. సాంచ మీదున్నయి తియ్యి."

మధ్యాహ్నం దాటింది. తెర మీది పచ్చగీత కాస్త నడిచేది, ఆగేది, మళ్లీ నడిచేది. ఆగినప్పుడల్లా కాక కాలు ఊపడం ఆపేవాడు. ఒకసారి కరెంటు పోయి యూపీఎస్ కీచుమంటే అత్త రెండు చేతులూ డబ్బా మీద పెట్టింది, కరెంటు వచ్చేదాకా తియ్యలేదు. నాయనమ్మ నాకు గిన్నెలో అటుకులు పెట్టి, "నువ్వు పిలగానివి, నీకు పట్టింపు లేదు," అంది. తను మాత్రం నీళ్లు తాగలేదు.

జమ్మికి వెళ్లేవాళ్లు వీధిలో కదిలే వేళకు చివరి ఫోల్డర్, తాతయ్య గీయించినది, మొదలైంది. చప్పుడు దగ్గరదగ్గరగా వచ్చింది. పచ్చగీత నిలిచిపోయింది. కాక చాలాసేపు ప్రయత్నించాడు. కుర్చీలో నాయనమ్మ కళ్లు మూతలు పడుతున్నాయి.

"సాలు అన్నా," అంది అత్త. లేచి తనే స్విచ్ ఆపింది. నాయనమ్మ డబ్బాకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు నీళ్లు తాగింది.

మరునాడు ఆ డిస్కు లేవలేదు. దాని స్థానంలో కాక తెచ్చిన లోపలిది బిగించాం. బయటిది బీరువాలోకి వెళ్లింది. ఏదీ వాపస్ పోలేదు. దక్కనివాటి గురించి నాయనమ్మ ఆ తర్వాత ఒక్క మాట కూడా అనలేదు. అత్త ముందు తాతయ్య ప్రస్తావన వస్తే మాట మార్చేది కూడా కాదు, మామూలుగానే మాట్లాడేది.

ఇప్పుడు నా పని కంప్యూటర్లతోనే. లోపలిది కొనాలా, బయటిది కొనాలా అని ఎవరైనా అడిగితే, ఇందులో ఉన్నది ఇంకెక్కడైనా ఉందా అని ముందు అడుగుతాను. లేదంటే, ఏది ఆఖరుకు పెడతారో ఈరోజే, తీరిగ్గా ఉన్నప్పుడే ఆలోచించుకోమంటాను.

ఆ రోజు మాకు దక్కని డిజైన్లు పదకొండు.