పెదనాన్నగారి పొడుం, ఎర్రెద్దు పట్టు

గోదావరికి ఆనకట్ట కట్టి, మా కోనసీమలో కాలవలు తవ్వుతున్న ఆ కొత్త రోజుల్లో మనుషులకు ఓపిక ఎక్కువ, తొందర తక్కువ. అమలాపురం వెళ్ళాలంటే బండెక్కేవాళ్ళం. ఎప్పటికి చేరతామన్నది ఎడ్లు చూసుకునేవి. మా ఇంట్లో మాత్రం చేరడం మాట అటుంచి, బయల్దేరడమే పెద్ద గండం. మా గూడుబండికి కట్టే జోడులో ఎర్రెద్దు ఒక్కొక్క రోజున, అంతా ఎక్కి కూర్చున్నాక, ఉన్నట్టుండి కూలబడేది. పక్కనున్న తెల్లెద్దు పాపం కాడి బరువుకు మెడ వంచుకుని నిలబడేది. మర్నాడు అదే ఎర్రెద్దు పిలవకముందే వచ్చి కాడి కింద మెడ పెట్టేది. రోజూ మొరాయించేదైతే మొండిదనుకుని ఊరుకుంటాం. ఎప్పుడో ఒకప్పుడు మొరాయించేదాన్ని ఏమనుకోవాలి?

అప్పటికి నాకు మీసాలొచ్చాయి (వచ్చాయని నేననేవాణ్ణి). బండి తోలే పని నాదే. ఎర్రెద్దు దూడగా ఉన్నప్పుడే తల్లి చనిపోతే గంజి పట్టి పెంచిందీ నేనే. అందుకే ఆ ఉదయం నాన్నగారన్న మాటకు నా గుండెల్లో రాయి పడింది. అంతకు ముందురోజే మా పెదనాన్నగారు (నాన్నగారికి అన్న, ఇంటికి పెద్ద) రాజోలులో పెళ్ళికి బయల్దేరి, ఎద్దు లేవక, మా గుమ్మంలోనే ముహూర్తం దాటించుకున్నారు.

"ఇంక లాభం లేదురా. వచ్చే సంతకి దీన్ని తోలుకెళ్ళి కాలవ పనుల వాళ్ళకి ఇచ్చేద్దాం. సున్నం నూరే గానుగకి ఎద్దులు కావాలంటున్నారు" అన్నారు నాన్నగారు.

గానుగకు వెళ్ళిన ఎద్దు మళ్ళీ ఇల్లు చూడదు. పొద్దస్తమానం తిరిగిన చోటే తిరిగి అక్కడే పడిపోతుంది. "సంత దాకా ఆగండి నాన్నగారూ, దీని రోగమేంటో నేను కనిపెడతానండి" అన్నాను. "ఆయ్, కనిపెట్టు" అన్నారు, నమ్మకమేమీ లేకుండా.

మొదటి అనుమానం బండి మీదికి పోయింది. చక్రాలు ఊడదీసి ఇరుసుకు ఆముదం పట్టించాను. మర్నాడు సుఖంగా కదిలింది, ఆ మర్నాడు కూలబడింది. మెడ మీద పుండుందేమోనని వేళ్ళతో తడిమాను. గిట్టలో ముల్లుందేమోనని కాలెత్తి చూశాను (ఒక తన్ను తిన్నాను, ఎక్కడ తగిలిందో ఇక్కడ అవసరం లేదు). అమ్మ దిష్టేనని తేల్చి, ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టి నిజమేనంది. మేమంతా దగ్గుతూ ఒప్పుకున్నాం.

చివరికి ఎద్దును వదిలేసి, ఎక్కేవాళ్ళను చూడటం మొదలుపెట్టాను. కొబ్బరికాయలు వేస్తే కదులుతుంది. అమ్మ ఎక్కితే కదులుతుంది. పేచీ అంతా పెదనాన్నగారు ఎక్కినప్పుడే, అదీ కొన్నిసార్లే. ఆయన ఊరంతటికీ శకునాలు చెప్పే మనిషి. ఒంటి తుమ్ము వినపడిందంటే పెళ్ళివారి బండినైనా ఆపించి, కాళ్ళు కడిగించి, మంచినీళ్ళు తాగించిగాని కదలనిచ్చేవారు కాదు. మా బండి అలా ఆగినప్పుడల్లా అమ్మ ఎడ్లకు చెరో బెల్లం ముక్క పెట్టేది. పొడుం పీల్చి తుమ్మిన తుమ్ముకు మాత్రం దోషం లేదని ఆయన తీర్పు. ఆయన రొండిని పొడుంకాయ ఎప్పుడూ ఉండేదని వేరే చెప్పాలా?

సంత రేపనగా కొత్తపేట ప్రయాణం పడింది. నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఎక్కారు, సర్దుకున్నారు, చిటికెడు పీల్చారు, గూడు అదిరేలా తుమ్మారు. ఎర్రెద్దు చెవులు నిక్కాయి. ముందుకాళ్ళు మడిచి కూలబడి, మెడ తిప్పి వంటింటి గుమ్మం వైపు ఆశగా చూసింది.

"పెదనాన్నగారండీ, దీనికి రోగం లేదండి! తుమ్మితే ఆగాలని మనమే నేర్పేం. పొడుం తుమ్ముకి దోషం లేదన్న సంగతి దీనికెవరూ చెప్పలేదండి."

"ఎద్దుకి శకునాలేంట్రా, అప్రాచ్యుడా!"

మాట కాదు, రుజువు కావాలి. ఆయన్ని దింపి, బెల్లం చూపించి ఎద్దును లేపాను. గడ్డిపరక ముక్కులో పెట్టుకుని నేనే తుమ్మాను. దబ్బున కూలబడింది, మళ్ళీ వంటింటి వైపే చూపు. నాన్నగారు నవ్వాపుకోలేక అరుగు మీద చతికిలబడ్డారు. నవ్వు తగ్గాక నెమ్మదిగా అన్నారు: "అన్నయ్యగారూ, దీనికి నచ్చజెప్పడం మన వల్ల కాదండి. రేపు తోలెయ్యమంటారా?"

మా పెద్దమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచి బతిమాలినా ఆయన పొడుం మానలేదు. ఆయన కాసేపు ఎద్దును చూశారు. రొండి లోంచి పొడుంకాయ తీసి, ఎదురుగా ఉన్న కాలవలోకి విసిరేశారు. "ఏం చూస్తావురా అబ్బాయ్? పొద్దెక్కుతోంది, తోలు" అన్నారు.

కొత్తపేట దాకా నా తెలివికి నేనే మురిసిపోయాను. వెనక ఆయన చెయ్యి మాటిమాటికీ రొండికి పోయి, ఏమీ దొరక్క తిరిగొచ్చేది. అది చూసి నాకు నవ్వాగలేదు. ఎద్దెందుకు ఆగుతుందో కనిపెట్టిన మొనగాణ్ణి, ఆయన పొడుమెందుకు మానేశారో ఒక్కసారైనా ఆలోచించలేదు. చాలా ఏళ్ళకు ఎర్రెద్దు ముసలిదై మా పాకలోనే కన్ను మూసింది. మేమంతా ఏడ్చి, స్నానాలు చేసి, భోజనాలకు కూర్చున్నాం. పెదనాన్నగారు రాలేదు. పిలవడానికి వెళితే, పాకలో ఖాళీ గాటి పక్కన కూర్చుని, "మీరు తినండిరా, నాకు ఆకలి లేదు" అన్నారు.